సప్తసంతానాలు, మార్కాపురం పలక, మా నాయన బోర్లు

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా నాయన ఓ ప్రశ్న వేసాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో మంచం మీద కూర్చుని, "నెలకి ఇరవై వేలు ఏదో ఫండులో ఏస్తన్నావంట గదా, అదిప్పుడు యాడుంది? సూపీ" అన్నాడు.

ఫోను తీసి యాప్ ఓపెన్ చేసి చూపించా. పెట్టింది ఇంత, ఇప్పటి విలువ ఇంత, ఆకుపచ్చ రంగులో లాభం ఇంత. కళ్ళజోడు పెట్టుకుని కాసేపు చూసి, "ఇది నంబరు రా. డబ్బు యాడుంది అంటన్నా" అన్నాడు.

నేను నవ్వేసా. కానీ హైదరాబాద్ తిరిగొచ్చే బస్సులో నిద్ర పట్టలేదు. అడిగింది అమాయకంగా కాదు మరి. దాని వెనక ఇంకో మాట ఉంది. మా పొలానికి ఆనుకుని రెండెకరాలు అమ్మకానికొచ్చింది, రేపు వెలిగొండ నీళ్ళొస్తే ఆయకట్టులోకి వస్తుందట, ఆ ఫండు తీసేసి దాంట్లో పెట్టమని. పోయినేడాది చివర్లో మార్కాపురం జిల్లా ప్రకటన వచ్చిన దగ్గర్నించీ మా వైపు ప్రతి వసారాలోనూ ఇదే ముచ్చట.

మన ఆఫీసుల్లో ఈ చర్చ ఎలా జరుగుతుందో మీకు తెలిసిందే. క్యాంటీన్లో ఒకడు ప్లాట్లంటాడు, ఇంకోడు ఇండెక్స్ ఫండంటాడు, మూడోవాడు నలభై ఏళ్ళకే రిటైరవుతానని ఎక్సెల్ షీటు చూపిస్తాడు. అందరికీ కాంపౌండింగ్ తెలుసు. కానీ "మీ తాతల కాలంలో మీ ఊళ్ళో డబ్బులు ఎందులో పెట్టేవాళ్ళు, అవి ఏమయ్యాయి?" అంటే ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేకపోయా. అందుకని ఒక నెల్రోజుల పాటు దొరికింది దొరికినట్టు చదివా, మా జేజిని (నాయనమ్మని మా వైపు జేజి అంటాం) విసిగించా. అదీ ఈ సోదికి కారణం. కాస్త పెద్దదే, టీ తెచ్చుకుని కూర్చోండి :)

ముందు మాది ఎక్కడో చెప్పాలి. మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం. పడమర గోడలాగా నల్లమల. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడే దాకా మేం కర్నూలు జిల్లా వాళ్ళం. కనిగిరి, పొదిలి వైపు నెల్లూరు నుంచి, ఒంగోలు, అద్దంకి వైపు గుంటూరు నుంచి వచ్చి కలిసాయి. 1972లో ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. జిల్లా పేరు చెప్పగానే అందరూ సముద్రం, రొయ్యలు, ఒంగోలు గిత్తలు అనుకుంటారు. మాకు వాటితో సంబంధం లేదు. మాది వానపాములు కూడా వలసపోయే నేల అని మా స్కూల్లో ఓ సారు జోకేసేవారు.

గిద్దలూరు నుంచి కలసపాడు మీదుగా కడప జిల్లాలోకి దిగితే పోరుమామిళ్ళ వస్తుంది. అక్కడి చెరువు 1369 నాటిది. తవ్వించింది బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు, ఉదయగిరి నుంచి పాలించినవాడు. అతను వేయించిన సంస్కృత శాసనం ఒకటి అక్కడ ఉంది. దేవుళ్ళ స్తుతి, రాజుల పొగడ్త అందరి శాసనాల్లోనూ ఉండేదే. దీన్లో ఏంటంటే, చెరువు కట్టడానికి కావాల్సిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు కూడా రాసాడు. ప్రాజెక్ట్ స్పెసిఫికేషన్ అన్నమాట, అదీ రాతి మీద, ఛేంజ్ రిక్వెస్ట్ పెట్టడానికి వీల్లేకుండా.

పన్నెండు అంగాల్లో మొదటిది డబ్బూ, ధర్మబుద్ధీ, కీర్తి మీద ఆశా ఉన్న రాజు. తర్వాత నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకమట్టి నేల, దూరం నుంచి తియ్యటి నీళ్ళు తెచ్చే నది, రెండు కొండల మధ్య మరీ పొడుగు కాని గట్టి రాతికట్ట, దగ్గర్లో పొడవాటి రాళ్ళు దొరికే గని, కింద చదునైన పొలాలు, పని తెలిసిన మనుషులు... ఇలా. దోషాల్లో కట్ట నుంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, మధ్యలో మిట్ట, నీళ్ళు ఎక్కువై తడపడానికి నేల తక్కువ కావడం. ఇంకోటి, నీళ్ళు తక్కువై తడపాల్సిన నేల ఎక్కువ కావడం. ఇది చదివినప్పుడు నాకు కోకాపేటలో ఫ్లాటు కొని జీతంలో మూడొంతులు ఈఎంఐ కడుతున్న మా టీం లీడ్ గుర్తొచ్చాడు.

ఆ చెరువు పనిలో రోజుకి వెయ్యి మంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళు పట్టిందని శాసనమే చెప్తోంది. అంటే ఏడు లక్షల పనిదినాల పైమాట. ఆరున్నర శతాబ్దాలు దాటినా చెరువు ఉంది. మా కంభం చెరువుదీ అదే రకం కథ. గుండ్లకమ్మ కొండల సందులోంచి వచ్చే చోట అడ్డంగా కట్ట వేసారు, విజయనగర కాలంలో. శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతి కూతురు వరదరాజమ్మ కట్టించిందని మా వైపు చెప్పుకుంటారు. 2020లో అంతర్జాతీయ సాగునీటి సంస్థ పోరుమామిళ్ళ చెరువుకీ, కంభం చెరువుకీ, కేసీ కాలవకీ వారసత్వ కట్టడాల గుర్తింపు ఇచ్చింది.

ఇంతకీ ఎందుకు కట్టేవాళ్ళు అంత ఖర్చు పెట్టి? సప్తసంతానాలు అనే మాట మీరు వినే ఉంటారు. కొడుకు, చెరువు, కావ్యం, నిధి, తోట, గుడి, అగ్రహారం. ఈ ఏడూ మనిషి పోయాక కూడా మిగిలే సంతానం అని మన పాతకాలం వాళ్ళ లెక్క. నాకు ఇది చూస్తే పోర్ట్‌ఫోలియోలా కనపడింది. ఏడింట్లో దాచిపెట్టుకునేది ఒక్క నిధి మాత్రమే. మిగతావి పదిమంది వాడుకుంటేనే నిలబడేవి.

పుణ్యం ఒక్కటే కాదు, లెక్క కూడా ఉండేది. దశబంధం అని ఓ పద్ధతి. ఎవరైనా సొంత డబ్బుతో చెరువు తవ్వించినా, తెగిన కట్ట పోయించినా, ఆ చెరువు కింద సాగయ్యే భూమిలో కొంత వాళ్ళకి మాన్యంగా ఇచ్చేవాళ్ళు. పేరును బట్టి పదో వంతు. షరతేంటంటే చెరువుని బాగోగులు చూస్తూ ఉండాలి. మన భాషలో చెప్పాలంటే, పెట్టుబడి పెట్టినవాడికి ఈక్విటీ, మెయింటెనెన్స్ చేస్తేనే అది నీది. నేనిదేదో గొప్ప సమసమాజం అనట్లేదు. రాళ్ళు మోసిన ఆ వెయ్యి మందికి మాన్యం రాలేదు, వాళ్ళ పేర్లు శాసనంలో లేవు. డబ్బు పెట్టినవాడి పేరే ఉంది. కానీ చెరువు ఎండితే వాడి వాటా కూడా ఎండుతుంది కాబట్టి వాడు పూడిక తీయిస్తాడు. ఆ ముడి కంపెనీ కాలంలో, తర్వాత దొరల కాలంలో వదులైపోయింది. భూమిశిస్తు కచేరీకి పోతోంది, చెరువు బాగు చేయాల్సింది ఎవరు అన్నది తేలదు.

తేలకపోతే ఏమవుతుందో 1876-78 కరువులో తెలిసింది. కర్నూలు జిల్లా (అంటే మేం కూడా) దెబ్బతిన్న వాటిల్లో ముందు వరసలో ఉంది. 1871 జనాభా లెక్కకీ 1881 లెక్కకీ మధ్య ఆ జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. కరువు పనుల్లో మగవాడికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని రిచర్డ్ టెంపుల్ అనే దొర 1877లో లెక్క కట్టాడు. డాక్టర్లు గోల పెట్టాక కొన్ని నెలలకి పెంచారు. ఆ కరువు తర్వాతే, ధాన్యం చేరవేయడానికి వీలుగా ఉండాలని నల్లమల గుండా మీటర్ గేజి రైలు వేసారు. గిద్దలూరు, కంభం, మార్కాపూర్ రోడ్, దొనకొండ స్టేషన్లు అలా వచ్చినవే. మా ముత్తాత ఆ లైను మీద మట్టి పని చేసాడని జేజి అంటుంది. నిజమో కాదో గానీ, మా ఇంట్లో జీతం తీసుకున్న మొదటి మనిషి ఆయనేనట.

ఇప్పుడు పలక సంగతి. అసలు నేను చెప్పాలనుకున్నది ఇదే, చెరువు దగ్గర ఆగిపోయా.

మీరు చిన్నప్పుడు రాతి పలక మీద అ ఆలు దిద్దుంటే అది మా ఊరి రాయి అయి ఉండటానికి చాలా అవకాశం ఉంది. వంద కోట్ల ఏళ్ళ పైమాట, ఇక్కడ సముద్రం అడుగున పేరుకున్న బురద, ఒత్తిడికి గట్టిపడి పొరలు పొరలుగా చీలే రాయయింది. 1872లో జియలాజికల్ సర్వే వాళ్ళ విలియం కింగ్ కడప, కర్నూలు రాళ్ళ మీద రాసిన నివేదికలో దీనికి కంభం పేరే పెట్టాడు. ఉలి సరిగ్గా పెట్టి కొడితే పుస్తకంలో పేజీలాగా విడిపోతుంది. చీల్చి, కొలతకి కోసి, నున్నగా రుద్ది, నల్లరంగు వేసి, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే పలక. దేశమంతా పోయేది. మార్కాపురం అంటే పలక, పలక అంటే మార్కాపురం.

నీళ్ళు లేని నేలకి దేవుడిచ్చిన ఆస్తి అనుకోవచ్చు. అనుకున్నారు కూడా. గని లీజు ఉన్నవాళ్ళు, ఫ్యాక్టరీ పెట్టినవాళ్ళు, లారీలు తిప్పినవాళ్ళు మేడలు కట్టారు. తప్పేం లేదు, రిస్కు తీసుకున్నారు. కానీ పలక చవగ్గా ఉండాలి, ఎందుకంటే కొనేది పేదోడి పిల్లాడు. చవగ్గా ఉండాలంటే కూలి తక్కువ ఉండాలి. అందరికంటే తక్కువ కూలికి దొరికేది ఎవరు? పిల్లలు.

మా అమ్మ మార్కాపురం అమ్మాయి. ఎనిమిదో ఏట నుంచి పద్నాలుగో ఏట దాకా, అంటే 1982 నుంచి 88 దాకా, పలకలకి చట్రాలు బిగించింది. డజన్ల లెక్కన కూలి. శనివారం సాయంత్రం డబ్బులు తెచ్చి వాళ్ళమ్మ చేతిలో పెట్టేదట. తను బిగించిన పలకలు ఎన్ని వేలో లెక్క లేదు, తను మాత్రం రెండో తరగతితో ఆపేసింది. ఇది అమ్మ బాధగా చెప్పదు. "పొడి ముక్కులోకి పోయి తుమ్ములొచ్చేవి, అందరం నవ్వుకునేవాళ్ళం" అంటుంది. నాకు అ ఆలు దిద్దించినప్పుడు మాత్రం పలక చట్రం పట్టుకుని చూసి "ఇది సరిగ్గా బిగించలేదు" అందట :)

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదని నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది. 1987లో కేంద్రం బాలకార్మిక విధానం తెచ్చినప్పుడు దేశం మొత్తం మీద ప్రత్యేకంగా పేర్కొన్న పరిశ్రమల జాబితా ఉంది. శివకాశి అగ్గిపెట్టెలు, సూరత్ వజ్రాలు, జైపూర్ రంగురాళ్ళు, ఫిరోజాబాద్ గాజులు, మొరాదాబాద్ ఇత్తడి, మీర్జాపూర్ తివాచీలు, అలీగఢ్ తాళాలు, మంద్‌సౌర్ బలపాలు, మార్కాపురం పలకలు. చూడండి, పలకా బలపం రెండూ ఆ లిస్టులో ఉన్నాయి. దేశంలో పిల్లలకి చదువొచ్చే సామాన్లు రెండూ బడికి పోని పిల్లలు చేసినవే. 1988లో మొదలైన జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదటి విడతలోనే మార్కాపురం ఉంది. పనిలోంచి తీసిన పిల్లలకి ప్రత్యేక బళ్ళు, అన్నం, నెలకి వంద రూపాయలు. అమ్మకి అప్పటికి పద్నాలుగు దాటాయి.

1996 డిసెంబరు 10న ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కేసు మొదలైంది శివకాశితో, తీర్పు మాత్రం ఆ తొమ్మిది పరిశ్రమల్నీ పేరుపేరునా చెప్పింది. పిల్లాణ్ణి ప్రమాదకరమైన పనిలో పెట్టుకున్న యజమాని ఒక్కో పిల్లకి 20,000 కట్టాలి. ఆ ఇంట్లో పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఉద్యోగం చూపించాలి, లేకపోతే తన వంతు 5,000 కలపాలి. ఆ 25,000 నిధిగా ఉంచి దాని మీద వచ్చే ఆదాయం కుటుంబానికి ఇవ్వాలి, పిల్లని బడికి పంపినంత కాలం.

నాలాంటి ఎక్సెల్ గాడికి ఇది చదవగానే చెయ్యి ఊరుకోదు కదా. అప్పట్లో బ్యాంకు డిపాజిట్ మీద 12 శాతం దరిదాపు వచ్చేది. 25,000 మీద ఏడాదికి 3,000, నెలకి 250. అంటే ఒక బాల్యం అసలు ఖరీదు పాతిక వేలు, నెలసరి ఆదాయం 250. అదే పాతిక వేలు ఎవరూ ముట్టుకోకుండా 8 శాతం చక్రవడ్డీకి 28 ఏళ్ళు వదిలేస్తే 2 లక్షల 15 వేలు. మీ క్యూబికల్లో పక్కవాడి ఐఫోను, దానికో కవరు. తీర్పుని తక్కువ చెయ్యడం లేదు, నిజానికి కూలి డబ్బు పోయిందని తల్లిదండ్రులు బడి మాన్పించకుండా ఆలోచించిన తీర్పు అది. లెక్క మాత్రం ఇంతే వచ్చింది.

తర్వాత పలక పోయింది. పిల్లలకి రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు, నోట్సులు వచ్చాయి. అదే రాయిని ఇప్పుడు గోడలకీ, నేలకీ, పైకప్పులకీ వాడే టైల్సుగా కోసి విదేశాలకి పంపుతున్నారు. గచ్చిబౌలిలో ఓ విల్లా గేటు గోడకి మా ఊరి రాయి చూసి ఆగిపోయా ఒకసారి. వాచ్‌మన్ అనుమానంగా చూసాడు. మాట కలిపితే అతనిది గిద్దలూరు దగ్గర. మా వైపు నుంచి హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకి మేస్త్రీలు, కూలీలు, వాచ్‌మన్లు, గుంటూరు మిరప కోతలకి ఆడవాళ్ళు. రాయి పోయిన దారినే మనుషులూ పోయారు.

ఇంక బోర్ల సంగతి క్లుప్తంగా చెప్తా, తల్చుకుంటే కడుపు మండుద్ది. మాది మార్కాపురానికీ తర్లుపాడుకీ మధ్య ఐదెకరాలు. 2003లో నాయన మొదటి బోరు వేయించాడు, 300 అడుగులు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని తిరిగే ఆయన చూపించిన చోటే. నీళ్ళు పడ్డాయి, మూడెకరాలు బత్తాయి పెట్టాం. నాలుగేళ్ళకి పక్క పొలంలో ఇంకా లోతు బోరు పడింది, మాది ఎండింది. 450 వేసాం. తర్వాత 600. తర్వాత 780, అందులో దుమ్ము తప్ప ఏం రాలేదు. రిగ్గు వాడికి అడుగుకి ఇంతని కట్టాలి, నీళ్ళు పడినా పడకపోయినా. చివరికి కాపు మీదున్న బత్తాయి చెట్లు కొట్టి కట్టెల లెక్కన అమ్మాం.

మొదటి బోరుకి తెచ్చిన 50 వేలకి నూటికి రెండు రూపాయల వడ్డీ. మన భాషలో ఏడాదికి 24 శాతం. నాయన అసలు తీర్చింది 2015లో. ప్రతి నెలా తప్పకుండా వెయ్యి రూపాయలు వడ్డీ కట్టాడు కాబట్టి వడ్డీ మీద వడ్డీ పడలేదు, అయినా పన్నెండేళ్ళలో కట్టిన వడ్డీ లక్షా నలభై నాలుగు వేలు. తర్వాతి బోర్ల అప్పు వేరే. ఎవరైనా "రైతులకి ఫైనాన్షియల్ డిసిప్లిన్ లేదు" అంటే నాకు ఒళ్ళు మండేది అందుకే. పన్నెండేళ్ళ పాటు నెలనెలా తప్పకుండా డబ్బు కట్టినవాడి కంటే క్రమశిక్షణ ఎవరికుంది? నాయన చేసింది అచ్చం సిప్పే, కాకపోతే సిప్పు వేరేవాడి పేరు మీద నడిచింది.

అదే ఇంట్లో ఇంకో వడ్డీ కూడా నడిచేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్ళ దగ్గర్నుంచి రోజుకో రూపాయి పొదుపు ఉద్యమంలా పాకింది. మా ఊళ్ళోకీ వచ్చింది, అమ్మ గ్రూపులో చేరింది. 2004లో పావలా వడ్డీ పథకం వచ్చింది. సరిగ్గా కిస్తీలు కట్టిన గ్రూపుకి నూటికి నెలకి పావలానే పడేది, అంటే ఏడాదికి 3 శాతం, పైది ప్రభుత్వం భరించేది. కాబట్టి ఒకే కప్పు కింద నాయన 24 శాతానికీ అమ్మ 3 శాతానికీ అప్పు కట్టేవాళ్ళు. ఎనిమిది రెట్లు తేడా! అమ్మ అప్పు తెచ్చి నాయన అప్పు తీర్చొచ్చు కదా అంటే, గ్రూపు లోను చిన్నది, అందరూ పంచుకోవాలి. ఆ వాటాతో అమ్మ రెండు బర్రెలు కొన్నది. నా ఇంటర్ ఫీజు పాల డబ్బులే. మా ఇంట్లో నిజంగా జేబులోకి డబ్బు తెచ్చిన మొదటి ఆస్తి ఆ బర్రెలు, అవి కూడా నాయన దృష్టిలో ఆస్తి కాదు, భూమే ఆస్తి.

ఇక్కడ ఓ సైడు ట్రాకు. 2010 వేసవి తర్వాత ఎస్కేఎస్ మైక్రోఫైనాన్స్ ఐపీవో వచ్చింది, షేరు 985 రూపాయలు, జనం ఎగబడ్డారు. అదే అక్టోబరులో వారం వారం కిస్తీల వసూళ్ళ మీద గోలతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్ళు పడిపోయాయి, షేరూ పడిపోయింది. మన రాష్ట్రంలోనే ఒక ఇంట్లో అది అప్పు, ఇంకో ఇంట్లో అది డీమ్యాట్ అకౌంటులో ఆస్తి. ఇద్దరూ నిద్రపోలేదు ఆ నెల.

నా సంగతి మీ అందరి సంగతిలాంటిదే. ఫీజు రీయింబర్స్‌మెంటు పుణ్యమా అని 2014లో ఒంగోలు దగ్గర ఇంజనీరింగులో చేరా, 2018లో బయటపడ్డా, అమీర్‌పేట హాస్టల్లో ఎనిమిది నెలలు, 2019లో 3.36 ప్యాకేజీ. మొదటి జీతం వచ్చిన నెలలో మా ఫ్రెండు ఒకడు టర్మ్ ఇన్సూరెన్సు, ఫండ్లు, డైవర్సిఫికేషన్ అని గంటసేపు చెప్పాడు. ఇంటి దగ్గర 2 లక్షల 10 వేలు అప్పు, 24 శాతం. నెలకి 4,200 వడ్డీ. దేశంలో ఏ ఫండు మేనేజరూ ఏటా గ్యారంటీగా 24 ఇవ్వడు. కాబట్టి నా మొదటి పెట్టుబడి నాయన ప్రామిసరీ నోట్లు వెనక్కి తెచ్చుకోవడం. 2021 కల్లా అయిపోయింది. చింపేస్తూ నాయన ఏడ్చాడు, ఫోన్లో చూసా, కరోనా కాలం. తర్వాతే సిప్.

ఆశ మంచిదే, నాకూ ఉంది. అమ్మని మళ్ళీ చట్రాలు బిగించనివ్వకూడదన్న కసితోనే డేటా స్ట్రక్చర్లు చదివా. కానీ కసి ఉంటే చాలు ఎవడైనా కోటీశ్వరుడు కావొచ్చనే వీడియోలు చూసినప్పుడు నాకు 780 అడుగుల బోరు గుర్తొస్తుంది. కసి లేకనా అంత లోతు తవ్వింది?

ఇప్పుడు ఆ రెండెకరాల సంగతి. వెలిగొండ ప్రాజెక్టు మా వైపు వాళ్ళకి ఒక మతంలాంటిది. కమ్యూనిస్టు ఎమ్మెల్యే పూల సుబ్బయ్య గారు దాని కోసం పోరాడారు, అందుకే ఆయన పేరు పెట్టారు. 1996 మార్చిలో గొట్టిపడియ దగ్గర చంద్రబాబు శంకుస్థాపన చేసారు. నేను పుట్టింది 97లో, అంటే ప్రాజెక్టు నాకంటే పెద్దది. శ్రీశైలం నీళ్ళని నల్లమల కింద నుంచి దాదాపు 18.8 కిలోమీటర్ల రెండు టన్నెళ్ళతో తెచ్చి, కొండల మధ్య మూడు సందులు మూసి కట్టిన నల్లమల సాగర్లో నింపడం. 43.5 టీఎంసీలు, 4.47 లక్షల ఎకరాలు. కొండల మధ్య కట్ట! పోరుమామిళ్ళ శాసనంలోని అంగమే మళ్ళీ. మొదటి టన్నెలు తవ్వకం 2021లో, రెండోది 2024లో అయ్యాయి. 2024 మార్చిలో జగన్ జాతికి అంకితం చేసారు. ఆ రోజుకి రైతు పొలంలోకి చుక్క రాలేదు, మునిగే ఊళ్ళ వాళ్ళ పునరావాసమూ, కాలవ పనులూ మిగిలున్నాయి.

నమ్మకంతో కొన్న భూమి ఏమవుతుందో మా పెదనాయన్ని అడగాలి. 2014లో రాజధాని దొనకొండకి వస్తుందని పుకారు. ప్రభుత్వ భూములున్నాయి, రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది, ఇంకేం కావాలి అన్నారు. గేదెలు మేసే బీడు రాత్రికి రాత్రి లక్షలు పలికింది. పెదనాయన పాతిక సెంట్లు కొన్నాడు. సెప్టెంబరు 4న అసెంబ్లీలో విజయవాడ పరిసరాలు అని ప్రకటించారు. పాతిక సెంట్లు అక్కడే ఉన్నాయి. "యాడుంది" అంటే మాత్రం చూపించగలడు, అది నిజం.

నాయనకి నేను ఫోన్లో ఇదంతా చెప్పా. చెరువు, దశబంధం, పాతిక వేల లెక్క అన్నీ. ఓపిగ్గా విని, "అయితే చెరువులు కట్టినోళ్ళు గొప్పోళ్ళంటావ్, భూమి కొనేవాడు తిక్కోడంటావ్" అన్నాడు. అలా కాదు నాయనా అని మళ్ళీ మొదలుపెట్టబోతే అమ్మ ఫోను లాక్కుని, "వాడి డబ్బు కూడా గ్రూపు లాంటిదే, వెయ్యి కంపెనీల్లో వాటా, పుస్తకం బదులు ఫోన్లో ఉంటది, అంతేగా?" అంది. రెండో తరగతి చదివిన మనిషి నేను అరగంటగా చెప్పలేనిది ఒక్క ముక్కలో చెప్పేసింది. ఆ తర్వాత, "అయినా ఓ ఎకరం చూడు రా, మీ నాయన మనసు" అని కూడా అంది.

ప్రస్తుతానికి ఒప్పందం ఇది. రెండెకరాలు కాదు, ఒక్క ఎకరం. అప్పు చెయ్యను, ఫండులో సగం దాకే తీస్తా. ఈసీ తీయించా, ముప్ఫై ఏళ్ళ లింకు డాక్యుమెంట్లు అడిగా, సర్వే నంబరు ఆయకట్టు జాబితాలో ఉందో లేదో ఇరిగేషన్ ఆఫీసులో కనుక్కోమని బాబాయికి చెప్పా. అమ్మేవాళ్ళు ఆ పొలంలో బోరు ఉందని, అందుకు వేరే రేటని అంటున్నారు. ఎన్ని అడుగులని అడిగితే ఇంకా జవాబు రాలేదు.